చెక్కపెట్టెలో కథ, అట్ట వెనక అక్షరం

1930ల తొలినాళ్ళలో టోక్యో పేటల్లో సాయంత్రం బడి వదిలే వేళకు ఒక చప్పుడు వినిపించేది. రెండు గట్టి చెక్కముక్కలు ఒకదానికొకటి తగిలితే వచ్చే టక్ టక్ చప్పుడు. అది చెవిన పడగానే ఆడుకునే వాళ్ళు ఆట వదిలేసేవారు. చంటి తమ్ముణ్ణి వీపున కట్టుకున్న అక్కలు అలాగే పరుగు తీసేవారు. మన వీధుల్లో పీచుమిఠాయి గంటకు పిల్లలు ఎట్లా ఉరికేవారో అట్లాగే. సందు మలుపులో ఒక సైకిలు ఆగి ఉండేది, దాని వెనక క్యారియర్ మీద ఒక చెక్కపెట్టె. పెట్టె సొరుగుల్లో మిఠాయిలు. పైన, చిన్న నాటకశాల గుమ్మంలా ఒక చట్రం. ఆ చట్రంలో ఒక రంగుల బొమ్మ.

దాని పేరు కామిషిబాయి. జపాను భాషలో కామి అంటే కాగితం, షిబాయి అంటే నాటకం. కాగితపు నాటకం.

మిఠాయి కొన్న పిల్లలకు ముందు వరస. కొనలేని వాళ్ళు వెనక నిలబడి మునివేళ్ళ మీద లేచి చూసేవారు. కథ చెప్పే మనిషి బొమ్మలను ఒకదాని తరవాత ఒకటి పక్కకు లాగుతూ, గొంతు మార్చి మార్చి రాక్షసుడై గర్జించి, తల్లి అయి ఏడ్చి, సరిగ్గా గుండె గుబుక్కుమనే చోట ఆపేసేవాడు. మిగతా కథ రేపు. పెట్టె మూసి, సైకిలెక్కి పక్క పేటకు వెళ్ళిపోయేవాడు. రోజుకు ఇలా ఎన్నో చోట్ల ఆగాలి. మిఠాయి అమ్మితేనే ఇంట్లో పొయ్యి వెలిగేది, కథకు వేరే రుసుము లేదు.

ఈ వృత్తి కరువులోంచి పుట్టింది. 1927లో జపాను బ్యాంకులు కుప్పకూలాయి. రెండేళ్ళు తిరగకుండానే ప్రపంచ మాంద్యం వచ్చిపడింది. పని పోయిన వాళ్ళు వేలల్లో వీధిన పడ్డారు. అదే సమయంలో సినిమాకు మాటలొచ్చాయి. అంతవరకు మూకీ చిత్రాల పక్కన నిలబడి కథ వినిపించిన బెన్షీలనే వ్యాఖ్యాతలకు కొలువులు పోయాయి. గొంతే ఆస్తి అయిన ఆ మనుషుల్లో కొందరు సైకిలు, చెక్కపెట్టె అద్దెకు తీసుకున్నారు. అంతకుముందు పుల్లలకు అతికించిన కాగితపు బొమ్మలను ఆడించే ఆట ఒకటి ఉండేది. దాని స్థానంలో 1930 ప్రాంతంలో టోక్యోలో అట్టల మీద గీసిన బొమ్మల వరస వచ్చింది. పెట్టుబడి తక్కువ, మోత తేలిక, ఒక్క మనిషి చాలు. 1933 నాటికి ఒక్క టోక్యోలోనే 2,500 మంది దాకా ఈ పనిలో ఉన్నారని చెబుతారు.

కథలు మూడు రకాలుగా కలిపి చూపేవారు. చిన్నపిల్లలకు ఒక నవ్వుల కథ, ఆడపిల్లల కోసం కన్నీళ్ళు పెట్టించే కుటుంబకథ, మగపిల్లలకు ఒక సాహసగాథ. సాహసగాథల్లో రారాజు ‘ఓగోన్ బాట్’, అంటే బంగారు గబ్బిలం. సుజుకి ఇచిరో కథ అల్లగా, ఇరవై ఏళ్ళు కూడా నిండని నగమత్సు తకెవో బొమ్మలు వేశాడు. పుర్రె ముఖం, ఎర్రటి అంగవస్త్రం, ఆకాశంలో ఎగిరే శక్తి, చెడ్డవాళ్ళ మీద పిడుగులా పడే గుణం. అమెరికాలో సూపర్‌మ్యాన్ 1938లో అచ్చయ్యాడు. టోక్యో సందుల్లో పిల్లలు అప్పటికే ఏడెనిమిదేళ్ళుగా తమ వీరుడి కోసం మిఠాయి కొంటున్నారు.

ఆ బొమ్మలు అచ్చువేసినవి కావు. ప్రతి అట్ట చేత్తో గీసి, రంగులేసి, వానకు తడవకుండా పైన పూత పూసినది. ఒక్కో కథకు ఒక్కటే ప్రతి. దాన్ని కథల యజమాని అద్దెకిస్తే, ఒకరి చేతిలోంచి ఇంకొకరి చేతికి పేట పేటా తిరిగేది. మొదట్లో కథ ఎక్కడా రాసి ఉండేది కాదు, యజమాని దగ్గర నోటితో విని గుర్తుపెట్టుకోవడమే. చెప్పేవాడి నోట అది మళ్ళీ కొత్తగా పుట్టేది. కథకుడికి చదువు రాకపోయినా ఇబ్బంది లేదు. అక్షరంతో కామిషిబాయికి అప్పటికింకా బంధుత్వమే లేదు.

బొమ్మను చూపి కథ చెప్పడం జపానులో అంతకు చాలా ముందునుంచే ఉంది. బౌద్ధ సన్యాసులు, సన్యాసినులు గుడుల్లో చుట్టలు విప్పి, పుల్లతో బొమ్మలను తాకుతూ స్వర్గనరకాలను వివరించేవారు. దాన్ని ఎతోకి అంటారు, ‘బొమ్మ విప్పి చెప్పడం’ అని. అమెరికాలోని చైనా సాహిత్య పండితుడు విక్టర్ మెయిర్ ఆసియా అంతటా ఉన్న ఇలాంటి సంప్రదాయాల జాడ పట్టుకుని వెనక్కి నడిచి, 1988లో వెలువరించిన గ్రంథంలో వాటి మూలం భారతదేశమని వాదించాడు. ఆయన చూపిన ఆధారాల్లో ఒకటి తెలుగు పాఠకులకు దగ్గరిదే. ఏడో శతాబ్దిలో బాణభట్టు రాసిన ‘హర్షచరితం’లో, తండ్రి జబ్బు కబురు విని రాజధానికి వచ్చిన హర్షుడు అంగడివీధిలో ఒక యమపటం వాణ్ణి చూస్తాడు. ఎడమచేతిలో చిత్రపటం, అందులో దున్నపోతు నెక్కిన యముడు. కుడిచేతిలో రెల్లుపుల్ల. వాడి చుట్టూ మూగింది ఎవరు? పిల్లలు. కుతూహలంతో తోసుకుంటున్న పిల్లలగుంపు. ‘ముద్రారాక్షసం’లో చాణక్యుడి గూఢచారి వేసుకున్న వేషం కూడా ఈ యమపటం వాడిదే. ఏ ఇంట్లోకైనా అడ్డు లేకుండా వెళ్ళగలిగే వేషం అదే మరి.

ఆ పటం ఇప్పటికీ తెలుగునేల మీద బతికి ఉంది. సిద్దిపేట జిల్లా చేర్యాలలో నకాషీ చిత్రకారులు ఖద్దరు గుడ్డకు గంజి, సుద్దమట్టి, చింతగింజల జిగురు పూసి, ఆరబెట్టి, దాని మీద ఎర్రటి నేల పరిచి బొమ్మలు వేస్తారు. మూడడుగుల వెడల్పు, ముప్పై నలభై అడుగుల పొడవు ఉండే చుట్ట అది. కూనపులివారు పద్మశాలీల వాడలో మార్కండేయ పురాణాన్ని, కాకిపడగలవారు ముదిరాజుల వాడలో పాండవుల కథను ఆ పటం విప్పుతూ రాత్రుళ్ళకు రాత్రుళ్ళు చెప్పేవారు. మందహెచ్చులవారికి పటం బదులు రంగులద్దిన బొమ్మలే ఉంటాయి. గొల్లల కాటమరాజు కథలో ఒక్కో పాత్ర రాగానే ఒక్కో బొమ్మ బయటికి వస్తుంది. వీటిలో ఏదీ పిల్లల కోసమని పుట్టలేదు. అవి కులపురాణాలు, పెద్దల వ్యవహారం. అయినా పందిట్లో ముందు కూర్చునేది ఎప్పుడూ పిల్లలే. బాణుడి నాడూ అంతే, టోక్యోలోనూ అంతే.

పిల్లలు అంతగా మూగితే పెద్దలకు గుబులు పుట్టడం సహజం. 1930ల జపానులో తల్లిదండ్రులు, ఉపాధ్యాయులు, పత్రికలు కామిషిబాయి మీద విరుచుకుపడ్డారు. మిఠాయిలు మురికివి, కథలు భయంకరమైనవి, బొమ్మలు మోటువి, పిల్లలు చదువు మానేసి వీధిన పడుతున్నారు అన్నారు. ఆ ఫిర్యాదుల్లో నిజం లేకపోలేదు. కానీ ఆ చరిత్రలో గౌరవించదగ్గ మనుషులు మాత్రం ఫిర్యాదు చేసి ఊరుకున్నవాళ్ళు కాదు, పిల్లల వెనకే వెళ్ళి చూసినవాళ్ళు.

మొదట వెళ్ళింది ఇమాయి యోనె. అమెరికాలో చదువుకుని వచ్చిన క్రైస్తవ ప్రచారకురాలు. ఆమె ఆదివారపు బడిలో పిల్లలకు బైబిలు కథ చెబుతుంటే బయట చెక్కల చప్పుడు వినిపించేది, గది ఖాళీ అయ్యేది. ఆమె కూడా బయటికి నడిచింది. పిల్లలు ఎక్కడ నవ్వుతున్నారు, ఎక్కడ ఊపిరి బిగబట్టారు, అట్ట ఎప్పుడు కదిలింది, అన్నీ గమనించింది. 1933లో తనే బైబిలు కథల కామిషిబాయి తయారుచేయించి అచ్చు వేయించింది. వీధి బొమ్మలకంటే పెద్ద బొమ్మలు, వెనక కూర్చున్న పిల్లవాడికీ కనిపించేలా. మిఠాయి కొనాల్సిన పని లేదు. తనను ఓడించిన ఆటను తిట్టకుండా నేర్చుకున్న ఆ ఉపాధ్యాయిని నుంచే పిల్లల చదువులో కామిషిబాయి చరిత్ర మొదలవుతుంది.

రెండేళ్ళకు, 1935లో, తకహాషి గోజాన్ అనే ప్రచురణకర్త కిండర్‌గార్టెన్ పిల్లల కోసమే ఒక కామిషిబాయి వరసను అచ్చువేయడం మొదలుపెట్టాడు. వీధి కథలకున్న వేగం, రక్తం, రేపటి దాకా ఆగే ఉత్కంఠ ఇందులో లేవు. నాలుగైదేళ్ళ పిల్లలు ఒక్కసారి కూర్చుని పూర్తిగా వినగలిగే చిన్న కథ, ఒక్కచూపుకు అర్థమయ్యే పెద్ద బొమ్మ. పేదవాడల్లో పనిచేసిన మత్సునగ కెన్యా మూడో మనిషి. ఆయన పూనికతో 1938లో జపాను విద్యా కామిషిబాయి సంఘం ఏర్పడింది. బడిలో పాఠానికి తోడుగా ఈ అట్టలు వెళ్ళాలన్నది ఆయన పట్టుదల.

అచ్చు రావడంతో అట్టకు ఇంకో మార్పు వచ్చింది. చూడటానికి చిన్నదే కానీ అసలు కీలకం అక్కడే ఉంది. ఇప్పుడు కథ చెప్పేది వృత్తి కథకుడు కాదు, మామూలు టీచరమ్మ. ఆమెకు కథ కంఠస్థం ఉండదు. కాబట్టి మాటలను అట్ట వెనక అచ్చువేశారు. ఏ బొమ్మ మాటలు దాని వెనకే ఉంటే చెప్పేవాళ్ళకు కనిపించవు కదా. అందుకని మొదటి బొమ్మ మాటలను చివరి అట్ట వెనక వేశారు. కట్టలో చివరి అట్టే టీచరు కళ్ళెదుట ఉంటుంది. ఆమె చదివి, మొదటి అట్టను పక్కకు లాగి, కట్ట వెనక పెడుతుంది. ఇప్పుడు పిల్లలకు రెండో బొమ్మ కనిపిస్తుంది, ఆమెకు మొదటి అట్ట వీపు కనిపిస్తుంది. రెండో బొమ్మ మాటలు ఉండేది అక్కడే. ఇలా చివరిదాకా. మాటల మధ్యలో చిన్న సూచనలు కూడా ఉంటాయి: ఇక్కడ మెల్లగా లాగండి, ఇక్కడ సగం లాగి ఆపండి, ఇక్కడ ఒక్కసారిగా లాగేయండి.

సగం లాగి ఆపినప్పుడు ఏమవుతుందో చూసినవాళ్ళకు తెలుస్తుంది. తలుపు చాటునుంచి ఒక తోక కనబడుతుంది. ఎవరిది? పిల్లి అని ఒకరు, పులి అని ఇంకొకరు అరుస్తారు. పిల్లవాడు జరిగినదాన్ని గుర్తుచేసుకుని, జరగబోయేదాన్ని ఊహించి, ఊహను మాటలో పెట్టాడు. అక్షరాలు కూడబలుక్కుని చదివేటప్పుడూ మనసు చేసే పని ఇదే. వాక్యం సగంలో ఉండగానే మిగతా సగాన్ని అంచనా వేయడం, పేజీ తిప్పి సరిచూసుకోవడం. చదువు నేర్పడమంటే గుణింతాలు దిద్దించడమే అనుకునేవాళ్ళు ఈ భాగాన్ని ఎప్పుడూ తక్కువగానే చూశారు. గుణింతం కావాలి, కాదనలేం. కానీ పుస్తకంలో తనకోసం ఏదో దాగి ఉందన్న నమ్మకం పిల్లవాడికి ముందే కుదిరితే గుణింతం బరువనిపించదు.

తరవాతి అధ్యాయం బాధాకరమైనది. పిల్లల్ని అంతగా పట్టి ఉంచగల సాధనాన్ని యుద్ధ ప్రభుత్వం వదిలిపెడుతుందా? చైనాతో యుద్ధం ముదిరాక విద్యా కామిషిబాయి అట్టల మీదికి పొదుపు ప్రచారం, సైన్యంలో చేరిక, వైమానిక దాడుల జాగ్రత్తలు, చక్రవర్తి కోసం ప్రాణత్యాగం వచ్చి కూర్చున్నాయి. బళ్ళలోనే కాదు, ఫ్యాక్టరీల్లో, పేట సంఘాల్లో, జపాను ఆక్రమించుకున్న దేశాల్లో కూడా వాటిని చూపారు. అదే చెక్కపెట్టె, అదే సగం లాగి ఆపే ఉత్కంఠ. బొమ్మలతో కథ చెప్పడం తనంతట తాను మంచిదీ కాదు, చెడ్డదీ కాదు. అట్ట వెనక ఏం రాశారన్నదే అసలు సంగతి. ఈ విద్యను మెచ్చుకునేవాళ్ళు ఆ యుద్ధకాలాన్ని దాటవేసి చరిత్ర చెప్పకూడదు.

1945లో ఓటమి తరవాత కాలిపోయిన నగరాల్లో వీధి కామిషిబాయి మళ్ళీ లేచింది. యుద్ధం నుంచి తిరిగొచ్చిన సైనికులకు పని లేదు, పిల్లలకు బొమ్మ లేదు, సినిమాకు డబ్బు లేదు. ఆక్రమణ సైన్యం అధికారులు కథలను తనిఖీ చేసినా జోరు తగ్గలేదు. 1950 ప్రాంతంలో దేశమంతా కలిపి ఇంచుమించు 50,000 మంది సైకిళ్ళ మీద తిరిగేవారని అంచనా. ఆ రోజుల్లోనే యుద్ధంలో ఎడమచేయి పోగొట్టుకున్న మిజుకి షిగెరు మిగిలిన ఒక్క చేత్తో రోజూ కామిషిబాయి బొమ్మలు గీసి పొట్టపోసుకున్నాడు. తరవాత ఆయన మాంగా కథల్లో మహా ప్రసిద్ధుడయ్యాడు. ఆయన సృష్టిగా పేరొందిన దయ్యాలబ్బాయి కితారో కూడా యుద్ధానికి ముందు ఇంకొకరు నడిపిన కామిషిబాయి కథలోంచి వచ్చినవాడే. షిరాతో సన్‌పెయి, కొజిమా గోసెకి లాంటి పేరున్న మాంగా చిత్రకారులకూ తొలి బడి ఆ చెక్కపెట్టే.

1953 ఫిబ్రవరిలో జపానులో టెలివిజన్ ప్రసారాలు మొదలయ్యాయి. జనం దానికి పెట్టుకున్న ముద్దుపేరు ‘డెంకి కామిషిబాయి’, కరెంటు కామిషిబాయి. పేరు పాతదే, పిల్లలు మాత్రం కొత్త పెట్టె ముందుకు వెళ్ళిపోయారు. పదిహేనేళ్ళలో వీధి సైకిళ్ళు దాదాపు మాయమయ్యాయి. పద్నాలుగేళ్ళ వయసులోనే ఈ బొమ్మలు గీయడం మొదలుపెట్టిన కాతా కోజి 1971లో ఆ వృత్తి చరిత్రను పుస్తకంగా రాసే నాటికి అది జ్ఞాపకాల విషయం అయిపోయింది.

మిఠాయి వ్యాపారం పోయింది, టీచరమ్మ అట్టలు మాత్రం పోలేదు. 1957లో మొదలైన దోషిన్‌షా ప్రచురణ సంస్థ కిండర్‌గార్టెన్లకు, శిశుగృహాలకు, గ్రంథాలయాలకు కామిషిబాయి అచ్చువేయడాన్ని ముఖ్యమైన పనిగా పెట్టుకుంది. ఎనిమిది, పన్నెండు, పదహారు అట్టల కట్టలు. మూడు తలుపుల చెక్క చట్రం. తలుపులు ఒక్కొక్కటిగా తెరుచుకుంటుంటే గదిలో అల్లరి దానంతటదే సద్దుమణుగుతుంది. జపాను గ్రంథాలయాల్లో పిల్లల విభాగంలో ఈ కట్టలకు వేరే అరలుంటాయి, పుస్తకాల్లాగే ఇంటికి తీసుకెళ్ళొచ్చు.

ఇంటికి వెళ్ళాక ఇంకో సంగతి జరుగుతుంది. అమ్మ రెండు మూడుసార్లు చెప్పాక, ఆరేళ్ళ అక్క ఆ కట్ట లాక్కుని తమ్ముడి ముందు కూర్చుంటుంది. ఇప్పుడు అట్ట వెనక అక్షరాలు ఆమెవైపు ఉన్నాయి. కథ ఆమెకు ముందే తెలుసు కాబట్టి తడబడినా దారి తప్పదు. ఎదురుగా ఒక ప్రేక్షకుడు ఆత్రంగా చూస్తున్నాడు కాబట్టి మధ్యలో ఆపదు. పిల్లలు చదువరులుగా మారే క్షణాల్లో ఇంతకన్నా సహజమైనది దొరకడం కష్టం.

మత్సుయి నోరికో అనే రచయిత్రి 1983లో చేసిన ‘పెద్దవ్వు పెద్దవ్వు పెద్దవ్వు’ అన్న అర్థం వచ్చే కామిషిబాయిలో కథ అంటూ పెద్దగా లేదు. ఒక చిన్న పందిపిల్ల బొమ్మ ఉంటుంది. పెద్దవ్వమని పిల్లలందరూ గట్టిగా కోరాలి. అట్ట లాగితే పెద్ద పంది! తరవాత గుడ్డు, ఆ తరవాత కేకు. పిల్లల గొంతు లేకపోతే ఆట ముందుకు నడవదు. ఇదే దశకంలో అమెరికాలో గ్రోవర్ వైట్‌హర్స్ట్ అనే పరిశోధకుడి బృందం బొమ్మల పుస్తకాలు చదివి వినిపించే తల్లిదండ్రులకు ఒక చిన్న మార్పు నేర్పింది. ఊరికే చదివిపోవద్దు, ఆగి అడగండి, పిల్లవాడి చేత చెప్పించండి అని. నెలరోజుల్లోనే ఆ పిల్లల మాటల్లో తేడా కనిపించిందని 1988లో ప్రచురించారు. వీధిలో మిఠాయి అమ్మిన మనిషికి ఆ పత్రాలతో పని లేకుండానే ఈ సంగతి తెలుసు.

1990లలో మత్సుయి నోరికో ఈ కళను వియత్నాంకు తీసుకెళ్ళి అక్కడి చిత్రకారులకు, టీచర్లకు నేర్పింది. 2001 డిసెంబరులో టోక్యో కేంద్రంగా అంతర్జాతీయ కామిషిబాయి సంఘం మొదలైంది. డిసెంబరు 7ను ప్రపంచ కామిషిబాయి దినంగా జరుపుతున్నారు. ఫ్రాన్సు, ఇటలీ, స్పెయిను బళ్ళలో, గ్రంథాలయాల్లో ఇప్పుడు ఆ చెక్క చట్రం మామూలు దృశ్యమైపోయింది.

మన దగ్గర చేర్యాల పటం మ్యూజియం గోడకు, అతిథిగృహాల వరండాలకు ఎక్కింది. చుట్ట చిన్నదై, చట్రంలో బిగిసి, ఇంటి అలంకారంగా అమ్ముడుపోతోంది. చిత్రకారుల పొట్ట నిండుతోందంటే సంతోషమే. కానీ పటం ముందు నిలబడి పుల్లతో చూపిస్తూ కథ చెప్పే మనిషి లేకపోతే అది సగం పటమే. దాన్ని మూరెడు అట్టల మీదికి దింపి, పన్నెండు బొమ్మల కట్టగా చేసి అంగన్‌వాడీ ఆయమ్మ చేతిలో పెట్టే పని పెద్ద ఖర్చుతో కూడినది కాదు. జపానులో ఒక వీధి ఆట బడిలోకి రావడానికి పట్టింది అయిదేళ్ళు. ఆ అయిదేళ్ళకూ ప్రభుత్వం నాంది పలకలేదు, ఇద్దరు ముగ్గురు మనుషుల పట్టుదల పలికింది.

ప్రభుత్వం, ప్రచురణకర్తలు కదిలేదాకా ఆగనక్కరలేదు కూడా. ఏడు చేపల కథ తెలియని తెలుగిల్లు లేదు. రాజుగారు, ఏడుగురు కొడుకులు, ఎండబెట్టిన చేపలు, అడ్డొచ్చిన గడ్డిమేటు, మేయని ఆవు, మేపని పిల్లవాడు, అన్నం పెట్టని అమ్మ, ఏడ్చే పసివాడు, కుట్టిన చీమ. ప్రతి బొమ్మా ఒక ప్రశ్న దగ్గర ఆగుతుంది, ఆ ప్రశ్నకు జవాబు వెనక అట్ట మీద ఉంటుంది. కామిషిబాయి కోసమే ఎవరో అల్లినట్టుంటుంది ఆ కథ. పాత క్యాలెండరు అట్టలు, రంగు పెన్సిళ్ళు, కిటికీలా కోసిన ఒక అట్టపెట్టె చాలు. బొమ్మలు పిల్లల చేతే వేయించండి, వంకరగా వచ్చినా దిద్దకండి. మాటలు పెద్ద అక్షరాలతో మీరు రాయండి. ‘ఎందుకు’ అని అడిగే వంతు పిల్లలకు వదిలేయండి. చీమ అట్ట వెనక రాజుగారి మాటలు రాయడం మాత్రం మరిచిపోవద్దు, కథ మొదలయ్యేది అక్కడే.